నాన్నగారి ఫోన్‌లో ప్రకటనల బెడద: క్రోమ్‌లో యాడ్ బ్లాకర్ పెట్టడం ఎలా?

పొందూరు టీచరు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఆమదాలవలస దగ్గర పల్లెలో ఉంటారు. ఆయనకు డెబ్బై రెండేళ్లు. తెల్లవారగానే ఫోన్‌లో పంచాంగం, వాతావరణం, జిల్లా వార్తలు చూసుకోవడం ఆయన అలవాటు. నాలుగైదు నెలలుగా ఆ అలవాటే ఆయనను విసిగిస్తోంది. మొన్న ఆదివారం పక్కన కూర్చుని గమనించాను. వార్త తెరిచారు. రెండు వాక్యాలు చదివేలోగా కింది నుంచి ఒక ప్రకటన లేచి సగం తెరను కప్పేసింది. దాన్ని మూయడానికి మూలన ఆవగింజంత ఇంటూ గుర్తు ఉంది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, చూపుడువేలితో జాగ్రత్తగా దాని మీదే నొక్కబోయారు గానీ, సరిగ్గా అప్పుడే పేజీ కాస్త జరగడంతో వేలు ప్రకటన మీద పడి, ఏదో అప్పులిచ్చే యాప్ పేజీ తెరుచుకుంది. ఇది చాలదన్నట్టు, ఫోన్ పక్కన పెట్టి భోజనం చేస్తున్నప్పుడు కూడా 'మీ ఫోన్‌లో వైరస్ ఉంది, వెంటనే శుభ్రం చేయండి' అంటూ నోటీసులు వస్తున్నాయి. నిజమేననుకుని ఆయన కంగారుగా నాకు ఫోన్ చేస్తున్నారు.

నా లాప్‌టాప్‌లో క్రోమ్‌కు యూబ్లాక్ ఆరిజిన్ అనే, ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుని చాలాకాలం హాయిగా వాడాను. తరువాత ఒకనాడు అది దానంతట అదే ఆగిపోయింది, కారణం నాకు అర్థం కాలేదు. నాన్నగారి ఫోన్‌లో కూడా అలాంటిదే పెడదామని చూస్తే, క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల మెనూయే కనబడలేదు. ఒక పాత వీడియోలో కివి బ్రౌజర్ వేసుకోమన్నారు. అది నమ్మదగినదేనా? నాన్నగారిది ఆండ్రాయిడ్ 11 ఫోన్. విజయనగరంలో ఉన్న మా చెల్లెలిది ఐఫోన్, తనకూ ఇదే బాధ. పెద్దాయన చేతిలో ఉండే ఫోన్ కాబట్టి, ఒకసారి అమర్చి ఇచ్చాక రోజూ ఏమీ సర్దుకోనక్కరలేని మార్గం చెప్పగలరు.

ఏడు రోడ్ల సెల్ షాపు:

టీచరుగారూ, శ్రీకాకుళంలో సెల్ రిపేరు దుకాణం నడుపుతున్నాను. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. రెండింటికీ ఒకే మందు వేస్తే పని జరగదు. పేజీలో లేచే ప్రకటన ఒకటి, ఫోన్ వాడనప్పుడు కూడా వచ్చే వైరస్ నోటీసు మరొకటి. రెండోదాన్ని ముందు చూడండి, ఎందుకంటే ఆయనను భయపెడుతున్నది అదే, పైగా దానికి ఏ ఎక్స్‌టెన్షనూ అవసరం లేదు.

ఆ నోటీసు వైరస్ వల్ల వచ్చేది కాదు. ఎప్పుడో ఒక సైటు 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని అడిగినప్పుడు ఆయన 'అనుమతించు' నొక్కి ఉంటారు. కొన్ని సైట్లు మరీ దారుణంగా, మీరు రోబో కాదని రుజువు చేయడానికి అనుమతించు నొక్కండి అని రాస్తాయి, పెద్దవాళ్ళు అది నియమమేమో అనుకుని నొక్కేస్తారు. అప్పటి నుంచి ఆ సైటు తెరవకపోయినా క్రోమ్ ద్వారా నోటీసులు పంపుతూనే ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు పరిశీలనగా చూడండి, నోటీసు పైన క్రోమ్ అని చిన్న అక్షరాలు, దాని పక్కన సైటు చిరునామా ఉంటాయి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్‌లు, అందులో సైట్ సెట్టింగ్‌లు, అందులో నోటిఫికేషన్‌లు తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా కనబడుతుంది. తెలియనివన్నీ అక్కడ తీసేసి, ఇకమీదట ఏ సైటూ అడగకుండా పైన ఉన్న మీటను ఆపేయండి. పోయిన వారం మా దుకాణానికి వచ్చిన ఒక ఆటో డ్రైవరు ఫోన్‌లో ఈ జాబితా వేలితో జరుపుతుంటే అంతు దొరకలేదు. ఆయన ఫోన్ పాడయిందనుకుని కొత్తది కొనడానికి సిద్ధపడి వచ్చారు. అవన్నీ తీసేయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఒకవేళ ఏ బ్రౌజరూ తెరవకుండానే నిండు తెర ప్రకటనలు వస్తుంటే, అది ఏదో యాప్ చేస్తున్న పని. టార్చి, ఫోన్ క్లీనర్ వంటి యాప్‌లను, 'ఇతర యాప్‌ల పైన కనిపించడం' అనే అనుమతి దేనికి ఉందో చూసి, అక్కరలేనివి తొలగించండి.

ఇక బ్రౌజరు సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్రోమ్‌కు గూగుల్ ఎక్స్‌టెన్షన్ల సదుపాయం ఇవ్వలేదు, అందుకే మీకు మెనూ కనబడలేదు. లాప్‌టాప్‌లో మీది ఆగిపోవడానికి కారణం మానిఫెస్ట్ వీ3 అనే కొత్త విధానం. ఇదివరకు పేజీ అడిగే ప్రతి వస్తువునూ ఎక్స్‌టెన్షన్ స్వయంగా చూసి 'ఇది వద్దు' అని అక్కడికక్కడే ఆపగలిగేది. కొత్త విధానంలో ఎక్స్‌టెన్షన్ ముందుగా నియమాల పట్టిక ఇస్తే, దాన్ని చూసి ఆపే పని బ్రౌజరే చేస్తుంది. పాత పద్ధతివాటిని క్రోమ్ 2024 జూన్ నుంచి దశలవారీగా ఆపుతూ వచ్చి 2025లో పూర్తిగా తీసేసింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం పాత పద్ధతిని కూడా ఉంచింది.

కాబట్టి నాన్నగారి ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేయండి. 2020లో ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌ను కొత్తగా రాసినప్పుడు కొద్దిపాటి ఎక్స్‌టెన్షన్లకే చోటిచ్చారు, 2023 డిసెంబరులో తలుపులు తెరిచి ఒకేసారి 400కు పైగా అందుబాటులోకి తెచ్చారు. మెనూలో ఎక్స్‌టెన్షన్లు నొక్కి యూబ్లాక్ ఆరిజిన్ చేర్చండి. పేరులో ఆరిజిన్ అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. దాని రూపకర్త రేమండ్ హిల్ 2015లో పాత ప్రాజెక్టు నుంచి విడిపోయి ఈ పేరుతో కొనసాగించారు, ఉత్త యూబ్లాక్ అనేది వేరు. తరువాత ఫోన్ సెట్టింగ్‌లలో ఫైర్‌ఫాక్స్‌ను డిఫాల్ట్ బ్రౌజరు చేయడం మరచిపోకండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కగానే మళ్ళీ క్రోమ్ తెరుచుకుని, బ్లాకరు పనిచేయడం లేదని అనుకుంటారు.

కివి వద్దు. 2025 ఆరంభంలో దాన్ని నిలిపివేశారు. భద్రతా అప్‌డేట్లు రాని బ్రౌజరును యూపీఐ ఉన్న ఫోన్‌లో ఉంచడం మంచిది కాదు.

ఉద్దానం కొబ్బరితోట:

పై సలహా సరైనదే, దానికి ఒకటి కలుపుతాను. బ్రౌజరులోని బ్లాకరు బ్రౌజరుకే పరిమితం, మిగతా యాప్‌లలో వచ్చే ప్రకటనలను అది ఆపలేదు. ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్‌లలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఒకటి ఉంది. డీఎన్‌ఎస్ అంటే, సైటు పేరు ఇస్తే దాని సర్వర్ చిరునామా వెతికి చెప్పే సేవ. అక్కడ 'డీఎన్‌ఎస్ డాట్ యాడ్‌గార్డ్ హైఫన్ డీఎన్‌ఎస్ డాట్ కామ్' అన్న పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఇస్తే, ప్రకటనల సర్వర్ల చిరునామా అడిగినప్పుడు ఫోన్‌కు జవాబు దొరకదు, కాబట్టి చాలా ప్రకటనలు అసలు దిగవు. యూట్యూబ్ ప్రకటనలు మాత్రం దీనికి లొంగవు, ఎందుకంటే అవి వీడియో వచ్చే చోటి నుంచే వస్తాయి.

నాకు దీని విలువ తెలిసింది డేటా విషయంలో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. మిద్దె మీద ఒక మూలన నిలబడితే ఒక్క గీత సిగ్నల్ వచ్చేది. చార్జింగ్ పదిశాతం ఉన్న ఫోన్‌తో వాతావరణం పేజీ తెరిస్తే, రంగురంగుల ప్రకటన బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగుతూ ఉండేది, నాకు కావలసిన నాలుగు ముక్కల సమాచారం దాని వెనకాల ఇరుక్కుపోయేది. ఆ రోజున బ్లాకరు ఉంటే, ఆ బొమ్మను తెమ్మని ఫోన్ అడిగేదే కాదు. బ్లాకరు ప్రకటనను తెచ్చి దాచదు, చాలావరకు తేవడమే ఆపుతుంది, అందుకే డేటా, బ్యాటరీ రెండూ మిగులుతాయి. సిగ్నల్ బలహీనంగా ఉండే మన పల్లెలకు ఇది సౌఖ్యం కోసం కాదు, అవసరం అని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త ఉంది. ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టాక, మీ ఫోన్ ఏయే సైట్ల పేర్లు అడుగుతోందో ఆ సేవ నడిపేవారికి తెలుస్తుంది. నమ్మకం ఉంటేనే పెట్టండి. ఏదైనా యాప్ గానీ, లాగిన్ అడిగే వైఫై గానీ మొరాయిస్తే దాన్ని తిరిగి ఆటోమేటిక్‌కు మార్చి చూడండి.

కోట పక్క వీధి:

నాది విజయనగరం. మన ప్రాంతపు సామెతలు, పల్లె మాటలు సేకరించి పెట్టే ఒక చిన్న సైటు నడుపుతున్నాను. దాని సర్వర్ అద్దె పేజీ పక్కన ఉండే ఒక్క ప్రకటనతోనే గడుస్తుంది. అయినా టీచరుగారి నాన్నగారికి బ్లాకరు పెట్టవద్దని నేను అనను. ఆవగింజంత ఇంటూ పెట్టి వేలు తప్పేలా చేసేవాళ్ళ మూలంగానే, పద్ధతిగా ప్రకటన వేసుకునే మాలాంటి వాళ్ళకు కూడా తలుపులు మూసుకుంటున్నాయి. నా మనవి ఒక్కటే. మీకు నచ్చిన, వేధించని సైటు ఏదైనా ఉంటే, అది తెరిచి ఉన్నప్పుడు యూబ్లాక్ ఆరిజిన్‌లోకి వెళ్ళి, పెద్దగా కనిపించే పవర్ గుర్తును ఒకసారి నొక్కండి. ఆ ఒక్క సైటుకే మినహాయింపు ఇచ్చినట్టవుతుంది, మళ్ళీ నొక్కేదాకా అది గుర్తుంటుంది.

ఎక్స్‌టెన్షన్లు ఒకటికి మించి వేయకండి. ప్రకటనలు ఆపాలంటే అది ప్రతి పేజీలోకీ తొంగిచూడాలి, కాబట్టి 'అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా' చూసే అనుమతి అడుగుతుంది. అంటే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. తాళంచెవి తీసుకున్నవాడు మంచివాడే అయినా, రేపు దాన్ని మరొకరికి అమ్మేయవచ్చు. లాప్‌టాప్‌లలో లక్షలమంది వాడిన ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ ఇలాగే చేతులు మారింది, అందులో హానికరమైన కోడ్ ఉందని 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. నాలుగు తాళంచెవులు నలుగురికి పంచడం ఎందుకు?

ఐఫోన్ విషయంలో ఈ భయం కొంత తక్కువ. 2015లో వచ్చిన ఐఓఎస్ 9 (ఐఫోన్ నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి, ఐఫోన్ బ్రౌజరైన సఫారీకి కంటెంట్ బ్లాకర్లు ఉన్నాయి. బ్లాకరు నియమాల జాబితా మాత్రమే ఇస్తుంది, అమలు చేసేది సఫారీ, మీరు ఏ పేజీ చూస్తున్నారో బ్లాకరుకు తెలియదు. మీ చెల్లెలిగారిని యాప్ స్టోర్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేసుకోమనండి, 2025లో సఫారీకి వచ్చింది. అందుకు ఐఓఎస్ అప్‌డేట్ చేసుకుని ఉండాలి. వేశాక సఫారీ సెట్టింగ్‌లలో ఎక్స్‌టెన్షన్లలోకి వెళ్ళి దాన్ని ఆన్ చేయాలి, లేకపోతే యాప్ ఊరికే కూర్చుంటుంది.

పొందూరు టీచరు:

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న ఊరికి వెళ్ళి అన్నీ చేసి వచ్చాను. నోటిఫికేషన్ల జాబితాలో పదకొండు సైట్లు ఉన్నాయి. అందులో ఒకటి జాతకం సైటు, అది ఎప్పుడు తెరిచారో నాన్నగారికి గుర్తు లేదు. అన్నీ తీసేసి మీట ఆపేశాను. ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్ వేసి డిఫాల్ట్ చేశాను. మొదట ఆయన 'నా పంచాంగం ఏదమ్మా' అని వెతుక్కున్నారు, క్రోమ్ గుర్తు నొక్కితేనే అది వస్తుందని ఆయన లెక్క. పంచాంగం, వాతావరణం, వార్తలు మూడింటికీ హోమ్ తెర మీద విడివిడిగా షార్ట్‌కట్లు పెట్టాక కుదుటపడ్డారు. వార్తల సైటు ఒకటి బ్లాకరు తీసేస్తే గాని చదవనివ్వనంది. ఆయన అది మానేసి ఇంకొకటి చూసుకుంటానన్నారు.

ప్రైవేట్ డీఎన్‌ఎస్ మాత్రం ఇప్పుడే పెట్టలేదు. పింఛను డబ్బు చూసుకునే బ్యాంకు యాప్ మొరాయిస్తే పల్లెలో ఆయనకు సర్దిపెట్టేవాళ్ళు లేరు. వేసవి సెలవులలో నేను అక్కడ ఉన్నప్పుడు పెట్టి చూస్తాను. సామెతల సైటువారు సైటు పేరు ఇక్కడ రాస్తే, నా ఫోన్‌లోనూ, నాన్నగారి ఫోన్‌లోనూ మినహాయింపు ఇస్తాను, మా చెల్లెలికి కూడా పంపుతాను.

ఈ ఉదయం నాన్నగారు ఫోన్ చేశారు. వైరస్ ఊసు లేదు. సాయంత్రం వాన పడవచ్చని రాశారట, బడి నుంచి వచ్చేటప్పుడు గొడుగు పట్టుకెళ్ళమని చెప్పి పెట్టేశారు.