చియాంగ్ మైలో పింఛనుతో ఏడాది గడుస్తుందా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
నిరుడు బడిపంతులుగా పదవీ విరమణ చేశాను. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన థాయిలాండ్ ఊరు చియాంగ్ మైలో, కోట కందకం గట్టున రోజూ పొద్దున్నే నడవాలని నాకూ మా ఆవిడకూ ఎంతో కోరిక. నెలకు 60 వేల రూపాయలు సరిపోతాయా?

జవాబు (రాజోలు వాసి, మూడేళ్లుగా చియాంగ్ మైలో):
మాస్టారూ, తిండికీ అద్దెకూ పొదుపుగా ఉంటే సరిపోతాయి. చిక్కంతా వీసాతోనే. యాభై దాటినవారు విశ్రాంత జీవనం కోసం ఏడాది ఉండాలంటే థాయి బ్యాంకులో 8 లక్షల బాత్‌ల నిల్వ గానీ, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గానీ చూపాలి. ఒక్కో బాత్ (థాయి నాణెం) రెండు రూపాయలకు పైనే కనుక, మీ పింఛను అందులో సగం కూడా కాదు. ఆ నిల్వ కోసం నేను ఆరేళ్లు కొబ్బరి తోట కౌలు కూడబెట్టాను.

ఇక్కడివారు వెదురు బుట్టలో పెట్టిన జిగురు అన్నాన్ని వేళ్లతో ముద్ద చేసుకుని తింటారు. దానికి చారు కలవదు. కూరగాయల వేపుడులోనూ చేప రసం పోస్తారు, శాకాహారులైతే ముందే 'జే' అని చెప్పండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం రావద్దు. అడవులూ చేలూ కాలిన పొగ లోయలో నిలిచిపోయి, ఎదురుగా ఉన్న దోయ్ సుతేప్ కొండే కనబడదు. మా ఆవిడకు ఆయాసం, అందుకే ఆ మూడు నెలలు రాజోలు వచ్చేస్తాం.

జవాబు (పాలకొల్లు నుంచి):
ముందు నవంబరులో కొన్నాళ్లు వెళ్లి చూడండి. పౌర్ణమికి పింగ్ నదిలో అరటి బోదె ముక్కల మీద దీపాలు వదులుతారు. అచ్చం మన కార్తీక దీపాలే!

అమలాపురం నుంచి:
అలాగేనండి. మా ఆవిడ అప్పుడే క్యాలెండరు తీసింది.