ఎన్‌హెచ్‌ఎల్ అనే ఐస్ హాకీ వీడియో గేమ్‌లో ఇద్దరిద్దరం ఆడుతున్నాం, ముగ్గురం పక్ మీదే పడిపోతున్నాం. ఎలా ఆడాలో చెప్పండి

కంచరపాలెం కుర్రోడు:

ఇక్కడ ఎన్‌హెచ్‌ఎల్ ఆడేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త సాయం చెయ్యండి గురూ. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన దగ్గర్నుంచి, అంటే ఏప్రిల్ 15 నుంచి, దాదాపు రోజూ రాత్రి మా మేడ మీద గదిలో పీఎస్ 4లో ఎన్‌హెచ్‌ఎల్ 22 ఆడుతున్నాం. నేను, మా తమ్ముడు, మా బావ, ఇంకో ఫ్రెండ్. డాబాగార్డెన్స్‌లో పాత డిస్కులమ్మే షాపుకి ఫుట్‌బాల్ గేమ్ కోసం వెళ్తే అది లేదు, ఇది ఆరొందలకి ఇచ్చాడు. మాలో ఎవరికీ ఐస్ హాకీ ముక్క తెలీదు. కానీ మొదటి రాత్రే పిచ్చెక్కిపోయింది. ఆ స్పీడు, పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) గోడకి కొట్టి మళ్ళీ అందుకోవడం, గోల్ పడగానే ఆ సైరన్ మోత! కింద నుంచి అమ్మ రెండుసార్లు కేకేసింది.

సంగతేంటంటే, ఆ నాలుగోవాడు బోటు మీద కలాసీ. ఏడాది మొత్తంలో ఈ 61 రోజులే వాడు మాకు తీరిగ్గా దొరికేది. తర్వాత వేటకెళ్తే రోజుల తరబడి ఒడ్డుకి రాడు. చిన్నప్పట్నుంచీ గేమ్స్ ఆడినోడు కాదు, కంట్రోలర్ పట్టుకోవడమే కొత్త. ఇటిద్దరు అటిద్దరు ఆడితే మేం ముగ్గురం పక్ ఎక్కడుంటే అక్కడికి దూకేస్తాం, వాడికి అసలు దొరకదు. మొన్న ఒక మ్యాచ్ మొత్తంలో వాడికి పక్ అందింది మూడే మూడు సార్లు, లెక్కపెట్టాను. ఇంకో రెండుసార్లు వాడికి పాసిచ్చేలోపే ఆఫ్‌సైడ్ విజిల్. వాడేమీ అనలేదు. రిమోట్ చాప మీద పెట్టేసి, "మీరాడండ్రా, నేను చూస్తాను" అని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జూన్ 14తో నిషేధం అయిపోతుంది. ఆలోపు వాడితో కలిసి సరైన మ్యాచ్‌లు ఆడాలని నా కోరిక. గేమ్ ఈజీలో పెట్టి వాణ్ణి గెలిపించే దారి నేను అడగట్లేదు, వాడు దానికి ఒప్పుకోడు కూడా. ఇద్దరు కలిసి ఒక టీమ్‌లా ఎలా ఆడాలి? ఆ ఆఫ్‌సైడ్ ఎందుకు పడుతోంది?

ఉక్కునగరం అన్న:

తమ్ముడూ, నేను ఎన్‌హెచ్‌ఎల్ 09 నుంచి ఆడుతున్నా. ముందు ఆఫ్‌సైడ్ సంగతి. రింక్‌లో, అంటే ఆడే ఐస్ మైదానంలో, రెండు నీలం గీతలుంటాయి. అవతలోళ్ళ వైపు ఉన్న గీతని ముందు పక్ దాటాలి, ఆ తర్వాతే మనిషి. కంప్యూటర్ ఆడించే మనుషులు గీత దగ్గర ఆగుతారు, మనం ఆగం. పక్ దొరకదన్న ఆత్రంతో మీవాడు ముందే లోపలికెళ్ళి నిలబడుతున్నాడన్నమాట. గీత దగ్గరకొచ్చాక నేరుగా వెళ్ళకుండా దాని వెంబడి అడ్డంగా తిరగమను. పక్ లోపలికి పోగానే తనూ మలుపు తీసుకుంటే సరిపోతుంది. సెట్టింగ్స్‌లో ఆఫ్‌సైడ్, ఐసింగ్ (మధ్య గీతకి ఇవతల నుంచే పక్‌ని అవతలి చివరిదాకా కొట్టేస్తే పడే విజిల్) రెండూ ఆపేసుకోవచ్చు, కానీ దయచేసి ఆపకండి. ఆ గీత లేకపోతే ఒకడు గోల్ ముందే కాపురం పెడతాడు, ఆట చచ్చిపోతుంది.

ఇక మీ అసలు జబ్బు ఆర్ 2 బటన్. పక్ మన దగ్గర లేనప్పుడు అది నొక్కితే, పక్‌కి దగ్గర్లో ఉన్న మనిషి మీ చేతికొస్తాడు. ఇద్దరూ అదేపనిగా నొక్కితే ఇద్దరూ అక్కడికే చేరతారు. కాబట్టి ఇద్దరిలో ఒకడు ఆ బటన్ మానెయ్యాలి. ఒక డిఫెన్స్‌మన్‌ని పట్టుకుని, ఎల్ 2 నొక్కి ఉంచి, పక్ వైపు మొహం పెట్టి వెనక్కి స్కేట్ చేస్తూ మన గోల్ ముందు దారి మూసెయ్యాలి. ఆర్ 1తో పక్‌ని పొడిచేటప్పుడు జాగ్రత్త, వెనకనుంచి పొడిస్తే కర్ర కాళ్ళకి తగిలి ట్రిప్పింగ్ ఇస్తాడు. రెండు నిమిషాలు మనిషి బయట.

గోల్ కొట్టడానికి ఒక్కటి నేర్పు, వన్ టైమర్, అంటే వచ్చిన పాస్‌ని ఆపకుండా నేరుగా గోల్‌కి కొట్టడం. 1993లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ 94 నుంచీ ఈ గేమ్‌కి ప్రాణం అదే. నువ్వు ఒక పక్కనుంచి వస్తే గోలీ (గోల్‌కీపర్) నీ వైపు జరుగుతాడు. అప్పుడు అడ్డంగా పాసివ్వు. పాస్ అందకముందే మీవాడు కంట్రోలర్ మీద కుడి స్టిక్ కిందకి లాగి ఉంచాలి, పక్ దగ్గరకి రాగానే పైకి తొయ్యాలి. గోల్ వెడల్పు ఆరడుగులు. గోలీ ఆ చివర్నుంచి ఈ చివరకి వచ్చేలోపు పని అయిపోతుంది.

ఎంవీపీ స్కేటర్:

నేను స్కూల్లో ఉండగా శివాజీ పార్కు రింక్‌లో ఇన్‌లైన్ హాకీ నేర్చుకున్నాను. మా ఆటలో గోలీ కాక నలుగురే, ఐస్ మీద ఐదుగురు. అన్న చెప్పిందంతా నిజమే, కానీ ఒకటి కలుపుతాను. చక్రాల మీదైనా ఐస్ మీదైనా మనిషి అనుకున్నచోట ఆగడు, జారుతూనే ఉంటాడు. గేమ్‌లో కూడా అంతే. మీ ముగ్గురూ పక్ ఇప్పుడున్న చోటికి వెళ్తున్నారు, మీరు చేరేసరికి అది అక్కడుండదు. మా కోచ్ మాతో నెల రోజులపాటు పక్ లేకుండా ఊరికే నిలబడే చోట్లు మాత్రమే ప్రాక్టీస్ చేయించారు. నాకప్పుడు ఏడుపొచ్చేది. మ్యాచ్‌లో మొదటిసారి పక్ దానంతటదే నా కర్ర దగ్గరకొచ్చిన రోజు అర్థమైంది.

ఇంకో మాట. వెనక డిఫెన్స్ ఆడమని చెప్పేటప్పుడు "నీకు రాదు కాబట్టి వెనకుండు" అన్నట్టు చెప్పకండి. రింక్ మొత్తం కనపడేది వెనకున్నవాడికే. మీరు పక్ గెలిస్తే ముందుగా వాడికే ఇవ్వండి, దాడి అక్కడ్నుంచి మొదలవ్వాలి.

పెందుర్తి:

టీవీ గేమ్ మోడ్‌లో ఉందా? లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు. కొత్తగా ఆడేవాళ్ళు అది తమ తప్పే అనుకుంటారు. ముందు అది చూడండి.

కంచరపాలెం కుర్రోడు:

అన్నా, అక్కా, పెందుర్తి గురూ, ముగ్గురికీ దణ్ణం. టీవీ సినిమా మోడ్‌లో ఉంది! మార్చగానే తేడా తెలిసిపోయింది.

నిన్న రాత్రి నేను, వాడు ఒక జట్టు. అక్క చెప్పినట్టే, "నీ చేతిలో పక్ పడ్డాకే మన ఎటాక్ మొదలు" అన్నాను. వాడు చాలాసేపు టీవీ వంకే చూసి ఒక మాటన్నాడు: "హార్బర్‌లో ఐసు దిమ్మ బల్ల మీంచి జారిస్తాం కదరా. దాని వెనకాల పరిగెడితే దొరుకుతాదేటి? అదొచ్చే చోట ముందే కాలు దన్నిపెట్టి నిల్చోవాలి." మేం నెలన్నరగా ఆడుతూ కనుక్కోలేనిది వాడికి పనిలోనే తెలుసు. మేం అడగలేదు, అంతే.

తర్వాత వాడు ఆర్ 2 ముట్టుకోలేదు. ఎల్ 2 మీద వేలు ఉంచి, చిన్నచిన్నగా వెనక్కి జరుగుతూ, మా తమ్ముడు ఎటు తిరిగితే అటు అడ్డం. రెండో పీరియడ్‌లో నేను బావ కాళ్ళకి కర్ర తగిలించి పెనాల్టీ తెచ్చాను. రెండు నిమిషాలు మేం నలుగురం, వాళ్ళు ఐదుగురు. మనిషి తక్కువున్నప్పుడు పక్‌ని ఆ చివరకి కొట్టేసినా ఐసింగ్ ఇవ్వరని వాడికి ముందే చెప్పి ఉంచా. దొరికినప్పుడల్లా గోడ వెంబడి ఒక్కటే తోపు. మూడుసార్లు అలా పంపేశాడు. బావ "అబ్బ!" అని తొడ చరుచుకున్నారు.

ఆఖరి నిమిషంలో 2-2. వాడు మా గోల్ పక్కన పక్ ఆపి, కంగారు పడకుండా, మధ్య గీత దగ్గరున్న నాకు పొడుగు పాసిచ్చాడు. నేను కుడివైపు నుంచి లోపలికెళ్ళి వెనక్కి చూస్తే వాడు కూడా వచ్చేస్తున్నాడు, గీత దగ్గర ఆగి మరీ! అడ్డంగా ఇచ్చాను. స్టిక్ లాగి ఉంచాడు. కొట్టాడు. గోలీ కాలి ప్యాడ్‌కి తగిలి బయటికి పోయింది. ఓవర్‌టైమ్‌లో తమ్ముడు గోల్ కొట్టి గెలిచాడు.

ఓడిపోయాక వాడు రిమోట్ కింద పెట్టలేదు. రాత్రి ఒంటిగంటన్నర దాకా ఇంకో మూడు మ్యాచ్‌లు ఆడించాడు. పొద్దున్నే హార్బర్‌లో వలలు బాగుచేసే చోటినుంచి ఫోన్ చేసి ఒకటి అడిగాడు. నాకు తెలీక మిమ్మల్ని అడుగుతున్నాను: ఆట మొదలుపెట్టేటప్పుడు ఇద్దరి మధ్య పక్ వదిలే ఫేసాఫ్ ప్రతిసారీ మా తమ్ముడే గెలుస్తున్నాడు, రెఫరీ పక్ వదిలేటప్పుడు స్టిక్ ఎప్పుడు లాగాలి?