పాత నగరానికి పాతికేళ్ల విజన్: లోగో ముందా, మురుగుకాలువ ముందా?

అచ్చుతప్పు అడిగిన ప్రశ్న:

నేను గ్రాఫిక్ డిజైనర్ని, ప్లానర్ని కాను. ఒక పాత నగరానికి పాతికేళ్ల విజన్ డాక్యుమెంట్ తయారుచేసే టీమ్‌లో నన్ను బ్రాండింగ్ పనికి తీసుకున్నారు. ఊరి పేరు చెప్పలేను, చెప్పినా ప్రశ్న మారదు. కోటగోడ, నది, మూతపడ్డ మిల్లులు, సగం ఇళ్లకు తాళాలు పడ్డ పాత పేట.

ఇప్పటికి 64 స్లైడ్లు అయ్యాయి. అన్నీ తిరగేశాను, ఒక్క డాబా మీద కూడా ఆరేసిన బట్టలు లేవు. బొమ్మల్లో మనుషులు లేకపోలేదు. అందరూ ఎటో నడిచి వెళ్తుంటారు, అక్కడ కాపురం ఉంటున్నట్టు ఒక్కరూ కనబడరు.

మొదటి స్లైడ్‌లో లోగో, ట్యాగ్‌లైన్ పడాలట, మిగతాదంతా దాని కింద సర్దుకుంటుందట. నాలుగు ట్యాగ్‌లైన్లు రాశాను. ఊరి పేరు తీసేసి ఇంకో ఊరి పేరు పెట్టి చదివితే నాలుగూ చక్కగా అతికాయి. అదే నా టెన్షన్.

ఇలాంటి పని నిజంగా ఫలించిన చోట బ్రాండింగ్ ఎప్పుడు మొదలైంది? మీటింగుల్లో అందరూ స్పెయిన్‌లోని బిల్బావ్ నగరం పేరే చెబుతున్నారు. మ్యూజియం కట్టారు, ఊరు బాగుపడింది అనేది ఎంతవరకు నిజం?

పాతనక్షా జవాబు:

ముప్పై ఏళ్లు ప్లానింగ్‌లోనే పనిచేసి రిటైరయ్యాను. బిల్బావ్ కథను అందరూ ఆఖరి అధ్యాయం నుంచి మొదలుపెడతారమ్మా. గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచింది 1997లో. అంతకు 14 ఏళ్ల ముందు, 1983 ఆగస్టులో, వరద వచ్చి పాత పేటను ముంచేసింది. అప్పటికే ఉక్కు, ఓడల పరిశ్రమలు కుప్పకూలుతున్నాయి. నది అంటే ఫ్యాక్టరీల మురుగు. దాన్ని శుద్ధి చేసే పనులు 1980ల్లోనే మొదలుపెట్టారు. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ డిజైన్ చేసిన ఆ మ్యూజియం మెరుపు గోడల పక్కన ఈ రోజు జనం కూర్చోగలుగుతున్నారంటే, ముందు నది కంపు వదిలింది కాబట్టే. రేవును ఊరి మధ్య నుంచి సముద్రం వైపు జరిపారు. మెట్రో 1995లో వచ్చింది, స్టేషన్ల డిజైన్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్‌ది.

మీ టీమ్ చదవాల్సింది మ్యూజియం గురించి కాదు, 1992లో పెట్టిన బిల్బావ్ రియా 2000 గురించి. స్పెయిన్ కేంద్ర ప్రభుత్వం, బాస్క్ ప్రాంతపు పాలనా సంస్థలు కలిసి పెట్టిన కంపెనీ అది. రైల్వే, రేవు వాళ్లు వాడకంలో లేని స్థలాలు అప్పగించారు. కంపెనీ వాటిని చదును చేసి, రోడ్లు వేసి, కొన్ని ప్లాట్లు అమ్మి, ఆ డబ్బును తర్వాతి పనిలో పెట్టేది. పాతికేళ్ల ప్లాన్ అంటే నాలుగైదు ఎన్నికలు. మేయర్ మారినా నక్షా ఎవరి బీరువాలో ఉంటుంది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీ 64 స్లైడ్లలో దీనికి జవాబుందా?

రాతిగోడ జవాబు:

మాస్టారూ, బిల్బావ్ మీద మీరన్నదంతా ఒప్పుకుంటాను. కానీ బ్రాండింగ్ ఎప్పుడూ ఆఖరునే రావాలంటే మాత్రం ఒప్పుకోను. నేను పాత కట్టడాల మరమ్మతు చేసే ఆర్కిటెక్ట్‌ని. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో చూడండి. 'గ్లాస్గోస్ మైల్స్ బెటర్' (గ్లాస్గో ఎంతో మెరుగు) అన్న నినాదం 1983లోనే వచ్చింది. చెవికి 'గ్లాస్గో స్మైల్స్ బెటర్' అని కూడా వినిపిస్తుంది, పక్కనే నవ్వుతున్న పసుపుపచ్చ గుండ్రటి బొమ్మ. గార్డెన్ ఫెస్టివల్ 1988లో, యూరప్ సాంస్కృతిక నగరం హోదా 1990లో వచ్చాయి. అంటే పెద్ద వేడుకలకన్నా మాటే ముందు వచ్చింది. ఆ మాట టూరిస్టులకు ఎంతో, తమ ఊరి పేరు చెప్పుకోవడానికి మొహమాటపడే గ్లాస్గో వాళ్లకూ అంతే.

అయితే ఆ నినాదం గాల్లోంచి ఊడిపడలేదు. 1970ల్లోనే పాత రాతి ఇళ్లను కూల్చడం తగ్గించి, అక్కడివాళ్ల హౌసింగ్ సంఘాల ద్వారా బాగుచేయించడం మొదలైంది. మసిపట్టిన గోడలు కడిగితే లోపలి నుంచి తేనెరంగు, ఎర్ర ఇసుకరాయి బయటపడ్డాయి. (కడగడంలో కొన్నిచోట్ల రాయిని పాడుచేశారు కూడా, అదో పెద్ద కథ.) నినాదం వచ్చేసరికి జనం కళ్లెదుట చూపించడానికి ఏదో ఒకటి ఉంది. అంచుల్లోని పేద కాలనీలకు ఏం ఒరిగిందని 1990లో ఆ ఊరి రచయితలే గట్టిగా నిలదీశారు. ఆ ప్రశ్న కూడా మీ డాక్యుమెంట్‌లో పెట్టండి.

నీడపట్టు జవాబు:

బ్రాండ్ గెలిచి ఊరు ఓడిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. వెనిస్‌కన్నా పేరున్న ఊరు ఏముంది? ద్వీపాల మీది పాత నగరంలో 1951లో సుమారు 1,75,000 మంది ఉండేవారు, ఇప్పుడు 50,000 కూడా లేరు. 2024లో కొన్ని రోజుల్లో వచ్చే డే విజిటర్లకు 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్ తన ప్రచారం కోసం మ్యూజియం మైదానంలో నిలబెట్టిన పెద్ద అక్షరాలను 2018లో తానే తీయించింది, సెల్ఫీల గుంపు భరించలేక.

బిరుదులూ శాశ్వతం కాదు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, కొత్త కట్టడాల వల్ల 2021లో ఊడిపోయింది. జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బే లోయ కూడా 2004లోనే చేరింది, ఒక వంతెన కోసం 2009లో పోగొట్టుకుంది.

నాకు నచ్చింది ఇటలీలోని బొలోన్యా. అక్కడి ప్లానర్ పియర్ లుయిజీ చెర్వెల్లాటీ బృందం 1970ల్లో పాత ఇళ్లతో పాటు అందులో అద్దెకుండే వాళ్లనూ కాపాడాలంది. ఇళ్లను స్వాధీనం చేసుకోవాలన్న మొదటి ఆలోచనకు వ్యతిరేకత రావడంతో, యజమానులతో ఒప్పందాలకు దిగారు: మరమ్మతుకు మేం సాయం చేస్తాం, మీరు అద్దె పెంచకండి, ఉన్నవాళ్లను పంపకండి. ఇది పోస్టర్‌కెక్కే విషయం కాదు లెండి.

అచ్చుతప్పు జవాబు:

అందరికీ థాంక్స్. నాలుగు ట్యాగ్‌లైన్లూ వెనక్కి తీసుకున్నాను. వాటి బదులు మొదటి స్లైడ్‌లో ఒక్క అంకె పెడదామన్నాను: కోటగోడ లోపల ఈ రోజు ఎంతమంది ఉంటున్నారు? దాని పక్కన ఐదేళ్లకో ఖాళీ గడి, లెక్కపెట్టి నింపడానికి. మా టీమ్ లీడ్ మొదటి స్లైడ్‌లో కుదరదన్నారు, బేరమాడితే మూడోదానికి దిగారు. ఆ అంకె మా దగ్గర ఎవరికీ తెలియదు, సోమవారం నుంచి వెతకాలి. పాతనక్షా గారి బీరువా ప్రశ్న మీటింగ్‌లో అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత టీ వచ్చింది.

ఇంకో చిన్న పని చేశాను. 31వ స్లైడ్‌లో నది ఒడ్డు బొమ్మలో ఒక డాబా మీద తీగ గీసి, రెండు చొక్కాలు, ఒక దుప్పటి ఆరేశాను. ఇంతవరకు ఎవరూ చూడలేదు.