బిద్రీ నలుపు కోట మట్టిదా, పోతదా?

నకాషీ_ప్రియ:
సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ (నల్లటి లోహంలో వెండి పొదిగే, కర్ణాటకలోని బీదర్ పని) హుక్కా కుండలు చూసి బయటికొచ్చి దుకాణాల్లో అడిగితే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఇది అసలైన బీదర్ కోట మట్టితో నల్లబరిచింది." ఆ మాటకే ధర పెరుగుతుంది. మట్టీ లేదు గిట్టీ లేదు, అంతా రసాయనమే అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. సూటిగా అడుగుతున్నా: కోట మట్టి వాడకపోతే దాన్ని బిద్రీ అనొచ్చా? పని తెలిసినవాళ్లు చెప్పండి.

తుత్తునాగం:
అనొచ్చు. నలుపుకు మూలం పోతలోనే ఉంది. బిద్రీ లోహం అంటే జింక్, అందులో కొద్దిగా రాగి. పాత లెక్క 16 పాళ్లకు 1. కిలో పోతకు 941 గ్రాముల జింక్, 59 గ్రాముల రాగి అన్నమాట. ఆ 59 గ్రాములు లేకపోతే ఏ కోట మట్టి పులిమినా బూడిద రంగు దగ్గరే ఆగిపోతుంది. నల్లబరిచే మట్టి ముద్ద తగలగానే పైపొరలో ముందు లొంగేది జింక్. అది పోయేకొద్దీ ఆ పొరలో రాగి పాలు పెరుగుతుంది, నలుపు అక్కడ కూర్చుంటుంది. వెండి ఈ గొడవలోకి రాదు, దానిమీద అంటిన మురికి గుడ్డతో తుడిస్తే పోతుంది. నల్లటి నేల మీద తెల్లటి తీగ అంత తేటగా కనబడేది అందుకే.

ఇంకో సంగతి. రెండు నలుపులను కలిపేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఆకురాయి పెట్టి నున్నగా చేశాక మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు రుద్దుతారు. అది తాత్కాలికం. ఉలి గీసిన గీత తెల్లగా తేలడానికి మాత్రమే. వెండి పొదిగి సానబట్టేసరికి అదంతా పోతుంది. చివర్లో వచ్చే నలుపు వేరు: కాస్త వేడి చేసిన వస్తువు మీద నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్), మట్టి, నీళ్లు కలిపిన ముద్ద. మైలుతుత్తం రుద్దే ముక్క చూపించి "ఇదే బిద్రీ రహస్యం" అనే వీడియోలను నమ్మకండి.

జహీరాబాద్_దారి:
తుత్తునాగం అన్నా, లోహం సంగతి ఒప్పుకుంట. కానీ మట్టిని గంత తేలిగ్గ తీసేస్తే ఎట్ల? కారీగర్లు (పనివాళ్లు) దాన్ని నాలుక మీద పెట్టి చూస్తరు. ఊరికెనే గాదు. కోటల ఎండ పడని, వాన తగలని జాగల నుంచే తెస్తరు. పెరట్ల మట్టి తెచ్చి గదే పని చెయ్యమను, చూద్దాం. బీదర్‌ల షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023ల పద్మశ్రీ ఇచ్చింది ఈ పనికే. గసొంటి చేతులు నమ్మిన మట్టిని ఉత్త ముచ్చట అంటే మనసు ఒప్పది.

రసాయనశాల:
ఇద్దరూ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. వాన తగలని చోటు అన్నారు చూడండి, కీలకం అదే. జంతువుల మలమూత్రాలు, కుళ్లిన పదార్థాలు మట్టిలో ఉంటే బ్యాక్టీరియా వాటిని నైట్రేట్లుగా మారుస్తుంది. నైట్రేట్లు నీళ్లలో ఇట్టే కరుగుతాయి, నాలుగు వానలు పడితే కొట్టుకుపోతాయి. కప్పు కింద ఏళ్ల తరబడి పొడిగా ఉన్న మట్టిలో మాత్రం పేరుకుపోతాయి. మన పెట్లుప్పు (పొటాషియం నైట్రేట్) పుట్టేది ఇలాగే. నాలుకకు ఉప్పగా, చల్లగా తగిలేది అదే. కారీగర్ నాలుకతో చేసేది లవణ పరీక్ష, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

మీరే చూడాలంటే: 100 గ్రాముల మట్టిని 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కలిపి, ఒక రాత్రి ఉంచి, పైనీళ్లు వడకట్టండి. అక్వేరియం దుకాణాల్లో దొరికే నైట్రేట్ పట్టీ ముంచితే రంగు చెబుతుంది. రంగు చివరి గడి దాటితే నీళ్లు పదింతలు కలిపి మళ్లీ చూడండి. పెరటి మట్టితోనూ పక్కనే చేయండి, పోలిక లేకుండా ఒక్క సంఖ్యతో ఏమీ తేలదు.

పాతబస్తీ_పరికిణీ:
చరిత్ర వైపు నుంచి ఒక చిక్కు ప్రశ్న. బిద్రీ పని బీదర్, హైదరాబాద్‌లకే పరిమితం కాలేదు. బీహార్‌లోని పూర్ణియాలో, లక్నోలో, ముర్షిదాబాద్‌లో కూడా చేశారు. వాళ్లంతా బీదర్ కోట మట్టిని బండ్లకెత్తి తీసుకెళ్లారా? పైగా బీహార్ అంటే పెట్లుప్పుకు పెట్టింది పేరు, ఐరోపా కంపెనీలు తుపాకిమందు కోసం ఎగబడింది అక్కడే. రసాయనశాల గారు చెప్పిన లవణం వాళ్ల కాళ్ల కిందే ఉంది.

కోట మట్టి అనేది పేరు తెచ్చుకున్న ఒక వనరు. లేకపోతే బిద్రీయే కాదనడం పొరపాటు. ఇంకోటి, ఆ కోట రక్షిత కట్టడం. యాత్రకు వెళ్లినవాళ్లంతా సంచుల్లో మట్టి తెచ్చుకోవడం మొదలుపెడితే మిగిలేది గుంతలే. కోటలోని రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగిన పని చూసి రండి. రాతిలో చిప్ప, లోహంలో వెండి, పొదిగే బుద్ధి ఒకటే. మట్టికంటే అది చాలా ఎక్కువ నేర్పిస్తుంది.

జహీరాబాద్_దారి:
గుంతల మాట నిజం, దానికి నేను వ్యతిరేకం గాదు. కానీ ప్యాకెట్ల పెట్లుప్పు వేరు, మట్టి వేరు. మట్టి లవణాన్ని పట్టుకొని మెల్లగ వదుల్తది. ఉత్త ఉప్పు నీళ్లు పోస్తే ఒక దిక్కు కాలినట్టయితది, ఒక దిక్కు తెల్లగ మిగుల్తది.

తుత్తునాగం:
ఈ మాటకు నేను తలవంచుతున్నా. ముద్దకు ఒళ్లు కావాలి. నీళ్లు జారిపోతే తడి సమానంగా నిలవదు, మచ్చలు తేలతాయి. అందుకని జల్లెడ పట్టిన మెత్తటి బంకమట్టి కలపాలి, అది కోటదే కానక్కర్లేదు. మచ్చలకు రెండో కారణం వేలిముద్రలు. సానబట్టాక వస్తువును చేత్తో పట్టుకుంటే నూనె అంటుతుంది, అక్కడ ముద్ద పనిచేయదు. సబ్బునీళ్లతో కడిగి గుడ్డతోనే పట్టుకోవాలి. మూడోది వేడి. చెయ్యి పెట్టి వెంటనే తీసేసేంత వేడి చాలు. అంతకు మించితే ముద్ద ఎండిపోయి పెచ్చులూడుతుంది. నల్లబడగానే కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె చుక్కతో రుద్దండి, నలుపు లోతు తేలుతుంది. ముద్దను అలాగే వదిలేస్తే గుంటలు పడతాయి.

ఫౌండ్రీ_బాబాయ్:
పోత గురించి ఎవరూ చెప్పలేదు. జింక్ 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. రాగి కరగాలంటే 1085. రాగిని కరిగించాలని మూసను (లోహం కరిగించే కుండను) అంత వేడి చేస్తే జింక్ తెల్లటి పొగై పోతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రి జ్వరం, వణుకు. రాగిని సన్న ముక్కలు చేసి కరిగిన జింక్‌లో వేసి కలుపుతూ ఉంటే అందులోనే కరుగుతుంది. ఇంకా సులువు ఇత్తడి: నూటికి 70 పాళ్ల రాగి ఉన్న ఇత్తడి 84 గ్రాములు, జింక్ 916 గ్రాములు. లెక్క సరిపోతుంది. కొళాయి ముక్కలు మాత్రం వేయకండి, లేత్ మీద తరిణె పట్టే ఇత్తడిలో సీసం కలిసి ఉంటుంది. అచ్చులో తేమ ఉంటే లోహం చిమ్ముతుంది, అందుకే మట్టిలో ఆముదం, గుగ్గిలం కలుపుతారు. పోత పెళుసు. కిందపడితే పగులుతుంది, సొట్ట పడదు. మెడ సన్నగా ఉండే డిజైన్లు గీసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నకాషీ_ప్రియ:
కళాశాల పిల్లలకు చూపించాలంటే ఎలా? కోట మట్టి లేకుండా కుదురుతుందా?

రసాయనశాల:
పోలిక పెట్టి చేయండి. ఒకే పోత కడ్డీ నుంచి మూడు ముక్కలు కోయండి. వేర్వేరు పోతలైతే రాగి పాలు మారి ప్రయోగం పాడవుతుంది. మొదటి దానికి బంకమట్టి, నవసాగరం. రెండో దానికి అవే, పెట్లుప్పుతో కలిపి. పెట్లుప్పు అంటే ఎరువుల దుకాణంలో 13-0-45 అని అమ్మేదే. మూడో దానికి నవసాగరం, బీదర్‌లో ఏ కారీగర్ అయినా ఇచ్చిన పిడికెడు మట్టి. నాలుగోది విడిగా శుద్ధ జింక్ ముక్క, రెండో ముద్దతోనే. వేడి, సమయం అన్నిటికీ ఒకటే. గాలి ఆడే చోటే చేయండి, వేడి లోహం మీద నవసాగరం ఘాటైన వాయువులు వదులుతుంది. ఏ ముక్కకు ఏది పూశారో చూసేవాళ్లకు చెప్పకండి, నలుపును వాళ్లే వరుసలో పెట్టనివ్వండి.

జహీరాబాద్_దారి:
మూడోది గెలుస్తదని నా పందెం. గెలవకున్నా దుకాణపోళ్లు మట్టి ఎక్కడిదో రాయాలె. పెట్లుప్పుతో చేసినా బిద్రీ అనున్రి, కోట మట్టి అనకున్రి.

పాతబస్తీ_పరికిణీ:
దీనికి నా సంతకం. ముందు నల్లరంగు పూసిన అల్యూమినియాన్ని ఏరేద్దాం. అదే సైజులో బిద్రీ రెండున్నర రెట్లు బరువు తూగుతుంది. గోళ్లరంగు తుడిచే ద్రవం దూదితో అడుగున రాస్తే, రంగైతే ఊడి వస్తుంది.

మారేడుపల్లి_వదిన:
ఇంట్లో ఉన్నవాటి సంగతి కూడా చెప్పండి. ఇత్తడి చెంబుల్లా చింతపండుతో తోమొచ్చా?

తుత్తునాగం:
వద్దు వదినా, చింతపండు, నిమ్మకాయ రెండూ వద్దు. ఆ పులుపు నలుపును తీసేసి కింద జింక్‌ను కూడా తింటుంది. వెండి మసకబడితే మెత్తటి పొడిగుడ్డతో రుద్దండి, పాలిష్ డబ్బాల జోలికి పోకండి. వానాకాలంలో తెల్లటి పొడి తేలితే తడి తగులుతున్నట్టు. కొత్త ప్లైవుడ్ బీరువాలో మూసిపెట్టినా అంతే, చెక్క వదిలే ఆమ్లపు ఆవిరి జింక్‌కు పడదు. మీది ఎందులో పెట్టారు?