‘సుడిగాలి’ అంటే టోర్నడో అవుతుందా?

సభ్యులందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు నిన్న ‘తాతయ్యా, టోర్నడోను తెలుగులో ఏమంటారు?’ అని అడిగితే, వెంటనే ‘సుడిగాలి’ అనేశాను. రాత్రి పడుకున్నాక ఆ జవాబు నాకే నచ్చలేదు.

సుడిగాలి అనగానే నా కళ్లకు కట్టేది మే నెల మిట్టమధ్యాహ్నం మా ఉప్పల్ వైపు ఖాళీ ప్లాట్లలో లేచే గాలి. కాలిన నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తూ తిరగడం మొదలుపెడితే, మట్టి, ఎండుటాకులు, పాల కవర్లు గిర్రున తిరుగుతూ రెండు మూడు అంతస్తుల ఎత్తుకు లేచి, కాసేపటికే చెదిరిపోతాయి. ఆ సమయంలో తలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బుతునక కూడా ఉండకపోవచ్చు. టోర్నడోకు, అంటే మబ్బునుంచి నేలదాకా దిగే భీకరమైన సుడికి మాత్రం, పైన మబ్బు ఉండి తీరాలి.

అదీ ఏ మబ్బు పడితే ఆ మబ్బు కాదు. మబ్బులను పరిశీలించిన ఆంగ్లేయుడు ల్యూక్ హోవర్డ్ 1802లో లండన్‌లో చేసిన ప్రసంగంలో మబ్బులకు ఆకారాన్ని బట్టి లాటిన్ పేర్లు పెట్టారు: వెంట్రుకల పాయల్లాంటివి సిర్రస్, కుప్పపోసినట్టుండేవి క్యుములస్, పొరలుగా పరచుకునేవి స్ట్రాటస్, వాన కురిసేవి నింబస్. వేసవిలో మన వార్తల్లో తరచు వినబడే ‘క్యుములోనింబస్’ ఈ కుప్పమబ్బూ వానమబ్బూ కలిసిన పేరే. మనం దాన్ని కారుమబ్బు అని సరిపెట్టుకుంటాం కానీ, ఆ మాట రంగు చెబుతుందే తప్ప ఎత్తు చెప్పదు. అడుగుభాగం నేలకు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, మన ఉష్ణమండలంలో దాని తల 15 కిలోమీటర్లు కూడా దాటి, ట్రోపోస్ఫియర్ (నేలకు ఆనుకుని ఉండే వాతావరణపు మొదటి పొర) పైకప్పుకు తగిలి, ఇక పైకి పోలేక కమ్మరి దాగలిలా పక్కలకు సాగుతుంది.

బలమైన టోర్నడోలు ఎక్కువగా పుట్టేది ఇలాంటి మబ్బులోనే. నేల దగ్గరి గాలికీ పైగాలికీ వేగంలో, దిశలో తేడా ఉన్నప్పుడు మధ్యనున్న గాలి రోకలి దొర్లినట్టు అడ్డంగా దొర్లుతుంది. పైకి ఎగదన్నే వేడిగాలి ఆ రోకలిని నిలువుగా లేపితే మబ్బులోనే సుడి ఏర్పడి, సన్నబడేకొద్దీ వేగం పుంజుకుని, ఏనుగు తొండంలా కిందికి దిగుతుంది. నేలను తాకితేనే అది టోర్నడో.

కొందరు అనువాదకులు దీన్ని ‘తుఫాను’ అంటున్నారు. అది పూర్తిగా తప్పు. తుఫాను సముద్రం మీద పుట్టి, వందల కిలోమీటర్లు పరచుకుని, రోజుల తరబడి సాగుతుంది. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే వాయుగుండం తుఫాను అవుతుంది. టోర్నడో వెడల్పు చాలాసార్లు కొన్ని వందల మీటర్లకు మించదు, ఆయుష్షు నిమిషాలే. వార్తల్లో వినే ‘ఉపరితల ఆవర్తనం’, అంటే పైగాలుల్లో ఏర్పడే పెద్ద సుడి, కూడా విశాలమైనదే కాబట్టి ఆ మాటా కుదరదు. బాలకృష్ణుణ్ణి ఎత్తుకుపోయిన తృణావర్తుడి పేరులోని ‘ఆవర్తం’ మాత్రం అచ్చంగా సుడే. గడ్డిపరకలను తిప్పుతూ వచ్చినవాడికి ఎంత చక్కగా కుదిరిన పేరో!

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు కూలినప్పుడు, అది టోర్నడోనా, మబ్బులోంచి ఒక్కసారిగా కిందికి దూకిన గాలా అన్న చర్చ నడిచింది. దూకిన గాలికి చెట్లు ఒకే వైపుకో, విసనకర్రలా బయటికో పడతాయి. సుడికి ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా, లోపలి వైపుకు ఒరుగుతాయి. ఈ తేడాను తెలుగులో చెప్పాలంటే వేర్వేరు మాటలు ఉండాలి.

అందుకే నేలనుంచి లేచేదానికి ‘సుడిగాలి’ని ఉంచి, మబ్బునుంచి దిగేదానికి ‘మబ్బుసుడి’ అనవచ్చునని నా ప్రతిపాదన. అది రుచించనివారు టోర్నడో అనే రాయవచ్చు. తుఫాను అని మాత్రం రాయవద్దని మనవి. తాడ్వాయి, మేడారం వైపు సభ్యులు ఎవరైనా ఉంటే, అక్కడి పెద్దవాళ్లు ఆనాటి గాలిని ఏ మాటతో చెప్పుకుంటున్నారో దయచేసి రాయండి. వాళ్ల నోట ముందే ఒక మాట ఉంటే, నా మాటను వెనక్కి తీసుకుని దాన్నే మనవరాలికి చెబుతాను.