అప్‌డేట్: బేస్ గిటార్ హమ్ పోయింది, లోపం బ్రిడ్జ్ కింది వైరులో

విశాఖలో మా చర్చిలో వాయించే జాజ్ బేస్ (ఒక రకం బేస్ గిటార్)ని ఆంప్‌కి తగిలించగానే గుయ్‌మని హమ్ వస్తోందని, తీగల మీద చెయ్యి ఉన్నా తగ్గడం లేదని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

నాబ్‌లున్న లోహపు ప్లేటు తాకి చూడండి, అప్పుడు తగ్గితే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే లోహపు భాగం) ఎర్త్ వైరు తెగినట్టే అన్నారు ఒకరు. సరిగ్గా అదే. ప్లేటు తాకగానే హమ్ ఠక్కున తగ్గింది. రిపేర్ చేసే ఆయన మల్టీమీటర్ ఒక కొన బ్రిడ్జ్ మీద, ఇంకో కొన కేబుల్ గుచ్చే జాక్ బయటి లోహం మీద పెడితే కంటిన్యుటీ లేదు, అంటే రెంటి మధ్యా కనెక్షన్ లేదు. తీగలు వదులు చేసి బ్రిడ్జ్ స్క్రూలు విప్పితే, దాని కింద నొక్కుకుని ఉండాల్సిన వైరు కొనకు చిలుం పట్టేసి ఉంది. సముద్రపు గాలి మహిమ! ఆ కొన కత్తిరించి, కొత్త రాగి బయటికి తీసి, బ్రిడ్జ్ అడుగున గీకి శుభ్రం చేసి మళ్లీ బిగించారు. సోల్డరింగ్ కూడా అక్కర్లేకపోయింది.

కేబుల్, పెడల్ అడాప్టర్ మార్చితే ఏ తేడా రాలేదు. పికప్‌లు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాలు) మార్చమన్నారు కొందరు, ఆ ఖర్చు అనవసరం. ఒక పికప్ వాల్యూమ్ తగ్గిస్తే ఇప్పటికీ సన్నగా హమ్ వినిపిస్తుంది. అది సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్‌ల లక్షణం, రెండు వాల్యూమ్‌లూ ఫుల్‌గా పెడితే ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేస్తుంది.

తీగలు తాకినప్పుడు చిన్న షాక్‌లాంటిది తగులుతుంటే మాత్రం బేస్ విప్పకండి, ముందు గోడ ప్లగ్ ఎర్తింగ్‌ని ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.