బయర్న్ మ్యూనిక్ నిజంగా గొప్ప క్లబ్బా, పక్కోళ్ళని ఎదగనివ్వకపోవడమే దాని గొప్పా?

వైజాగ్_వింగర్
మా రూమ్‌లో మొన్న రాత్రి మొదలైన గొడవ ఇంకా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. బయర్న్‌కి 2025లో వచ్చింది 34వ జర్మన్ టైటిల్. 2013 నుంచి 2023 దాకా వరసగా 11. యూరప్ కప్పు, అంటే ఇప్పటి ఛాంపియన్స్ లీగ్, 6 సార్లు. ఒకడేమో దీన్ని మించిన క్లబ్ జర్మనీలో లేదు, వాదనే లేదు అంటాడు. ఇంకొకడు పోటీకొచ్చిన ప్రతి టీమ్‌లో మంచి ప్లేయర్‌ని లాక్కుంటే ఎవడైనా గెలుస్తాడు అంటాడు. మీరేమంటారు?

పసుపు_గోడ
నేను బయర్న్‌కి పోటీ క్లబ్ ఉన్న డార్ట్‌మండ్‌లోనే ఉంట, 9 ఏండ్లయింది, కాబట్టి నా పక్షం ఏదో ముందే చెప్తున్న. మీ రెండో ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్. లెవర్‌కూసెన్ 2002లో లీగ్, కప్, ఛాంపియన్స్ లీగ్ మూడిట్ల రెండో స్థానం, ఒక్క అడుగు దూరంల ఆగిపోయింది. ఆ ఎండాకాలమే బల్లాక్, జే రొబెర్టో ఇద్దరూ బయర్న్‌కి. 2004ల లూసియో. షాల్కే నుంచి నోయర్, తర్వాత గొరెట్జ్కా. మా దగ్గరికొస్తే మా కోచ్ క్లాప్ 2011, 2012 రెండు సార్లు టైటిల్ కొట్టిండు, 2012 కప్ ఫైనల్ల బయర్న్‌ని 5-2తో ఓడగొట్టినం. ఆ తర్వాత గోట్జే, లెవండోస్కీ, హుమ్మెల్స్ ముగ్గురినీ కొనుక్కుపోయిండ్రు. గోట్జే వార్త ఎప్పుడు బయటికొచ్చిందో గుర్తుందా? 2013 ఏప్రిల్ 23. మాకు రియల్ మాడ్రిడ్‌తో సెమీఫైనల్ తెల్లారితే ఉంది. ఎనిమిదేండ్ల వయసు నుంచి మా క్లబ్‌లోనే పెరిగిన పిలగాడు. ఆ రాత్రి ఈ ఊర్లె ఎవ్వరూ సరిగ నిద్రపోలే.

ఇసార్_ఒడ్డు
తమ్ముడూ, ఒక్కటి సరిచేస్తాను. లెవండోస్కీని ఎవరూ కొనలేదు. 2014లో కాంట్రాక్ట్ అయిపోయింది, ఫ్రీగా వచ్చాడు. డార్ట్‌మండ్‌కి ఒక్క యూరో కూడా ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పని లేదు. కొన్నారు అనే మాట అబద్ధం.

నేను రాజమండ్రి నుంచి మ్యూనిక్ వచ్చి 20 ఏళ్ళు దాటింది. బయర్న్ పుట్టుకతోనే డబ్బున్న క్లబ్ అని అందరూ అనుకుంటారు గానీ 1963లో బుండెస్‌లీగా, అంటే జర్మనీ పై లీగ్, మొదలైనప్పుడు బయర్న్‌ని అసలు తీసుకోలేదండీ. ఆ ఏడాది దక్షిణ లీగ్ గెలిచింది 1860 మ్యూనిక్ అనే ఇంకో క్లబ్, ఒకే ఊరి నుంచి రెండు క్లబ్బులు ఎందుకని దాన్నే తీసుకున్నారు. పెద్ద ప్లేయర్లని కొనే స్తోమత లేక మావాళ్ళు కుర్రాళ్ళతో నెట్టుకొచ్చారు. ఆ కుర్రాళ్ళే గోల్‌లో మయర్, వెనక బెకెన్‌బవర్, ముందు నోర్‌డ్‌లింగెన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన గెర్డ్ మ్యూలర్. 1965లో బుండెస్‌లీగాలోకి పైకొచ్చారు, 1967లో రేంజర్స్ మీద కప్ విన్నర్స్ కప్ కొట్టారు. 1974, 75, 76 వరసగా మూడు యూరప్ కప్పులు. ఎవరి దగ్గర లాక్కున్నారు వీళ్ళని?

బెకెన్‌బవర్ అయితే గీసింగ్ పేటవాడు, అంటే 1860 అభిమానుల పేట, తనూ చిన్నప్పుడు వాళ్ళ అభిమానే, అక్కడికే వెళ్దామనుకున్నాడు. కుర్రాళ్ళ మ్యాచ్‌లో 1860 వాడు ఒకడు చెంప మీద కొట్టాడు, అంతే, బయర్న్‌కి వచ్చేశాడు. ఒక్క చెంపదెబ్బతో జర్మన్ ఫుట్‌బాల్ దారి మారింది.

గుంటూరు_గోలీ
2024లో లెవర్‌కూసెన్ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ కొట్టింది కదా బ్రో. మరి ఎదగనివ్వట్లేదు అంటే ఎలా?

పసుపు_గోడ
11 ఏండ్లకి ఒక్కసారి. దాన్ని పోటీ అంటరా.

అన్నా, ఫ్రీ అంటే ఊరికే అని కాదు. ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు గానీ జీతం ఎంత, సంతకం పెట్టినందుకు ఎంత, ఏజెంట్‌కి ఎంత. ఆ డబ్బులు మేం ఇయ్యలేం, వాళ్ళు ఇయ్యగలరు. మీరేమో రూపాయి ఇయ్యలేదు కాబట్టి కొనలేదు అంటున్నరు.

నా సొంత అనుభవం చెప్త. హైదరాబాద్‌ల నేను పనిచేసిన చిన్న కంపెనీల ఆరుగురం కలిసి మూడేండ్లు కష్టపడి ఒక ప్రాడక్ట్ చేసినం. ఇంకో నెల్ల రిలీజ్ ఉందనంగ ఒక పెద్ద కంపెనీ మా లీడ్‌ని రెండింతల జీతం ఇచ్చి తీసుకపోయింది. వాళ్ళకి ఆయనతోని పెద్ద పని కూడా లేకుండె, మేం బయటికి రాకుంటే చాలు. ఎనిమిది నెలల్ల మా కంపెనీ మూతబడ్డది. అదంతా కళ్ళార చూసినోడిని, నాకు గోట్జే కథ వేరేటోళ్ళ కథ లెక్క అనిపియ్యదు.

ఇసార్_ఒడ్డు
మీ కంపెనీ సంగతి విని బాధేసింది, నిజంగానే. కానీ అవతలి వైపు నుంచి కూడా వినండి. నేను కూడా ఉద్యోగం మారినవాణ్ణే. కాంట్రాక్ట్ పూర్తిచేసి, నోటీసు ఇచ్చి, పని అంతా అప్పజెప్పి వెళ్తుంటే పాత మేనేజరు అందరి ముందు ద్రోహి అన్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఊళ్ళో నాన్నగారి ఆపరేషను, నేను ఎవరికి ద్రోహం చేశాను? లెవండోస్కీ కూడా అంతే. చివరి రోజు దాకా డార్ట్‌మండ్‌కి గోల్స్ కొట్టే వెళ్ళాడు. మీరు చెప్పిన ఆ రియల్ మాడ్రిడ్ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ ఎవరు కొట్టారు?

హుమ్మెల్స్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, హుమ్మెల్స్ ఎక్కడ పెరిగాడు? బయర్న్ అకాడమీలో. మీరు తీసుకెళ్ళారు, మేం మళ్ళీ తెచ్చుకున్నాం. రాయిస్‌ని గ్లాడ్‌బాఖ్ నుంచి మీరు తెచ్చుకోలేదా? 2000ల మొదట్లో మీ క్లబ్ దివాళా అంచుకి పోయినప్పుడు 20 లక్షల యూరోల అప్పు ఎవరిచ్చారు? బయర్నే. ఎదగకూడదనుకునేవాళ్ళు అప్పెందుకిస్తారండీ?

పసుపు_గోడ
ఆ 20 లక్షల గురించి ఎప్పుడు ఆగుతరో తెలుస్తలేదు. అప్పు తీస్కున్నం, వడ్డీతో కట్టేసినం. ఏండ్ల తర్వాత 2012ల మీ ప్రెసిడెంట్ హోనెస్ దాన్ని పేపర్ల కెక్కించిండు, అదీ మేం రెండు టైటిల్స్ కొట్టినంక. సాయం చేసినోడు ఊరంత చెప్పుకుంటే అది సాయం అయితదా?

మా క్లబ్‌ని నిలబెట్టింది మీ 20 లక్షలు కాదు. 2005 మార్చి 14న డ్యూసెల్‌డార్ఫ్ ఎయిర్‌పోర్ట్‌ల మీటింగ్ పెట్టి, మా స్టేడియం కొన్న ఫండ్‌ల పెట్టుబడి పెట్టినోళ్ళు ఒప్పుకుంటే బతికినం.

ఖరగ్‌పూర్_కిట్టు
గొడవ మధ్యలో వస్తున్నా. మాది రైల్వే కుటుంబం, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళం. 2008 మేలో ఆలివర్ కాన్ బయర్న్ తరఫున ఆఖరి మ్యాచ్ ఆడింది కలకత్తా సాల్ట్ లేక్‌లో, మోహన్ బగాన్ మీద 3-0. నాన్నతో కలిసి వెళ్ళాను. విపరీతమైన ఉక్కపోత, చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి, కూర్చునే చోటు లేక మెట్ల మీదే నిలబడ్డాం. కాన్ గ్లవ్స్‌తో చేతులు పైకెత్తి నాలుగు వైపులా తిరిగినప్పుడు మోహన్ బగాన్ జెర్సీ వేసుకున్న ముసలాయన మా పక్కన ఏడుస్తున్నాడు. 2001 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో వాలెన్సియా మీద మూడు పెనాల్టీలు ఆపిన మనిషి మా ముందు నిలబడ్డాడు. నాకు బయర్న్ అంటే అదే, ఎవర్ని ఎక్కడ కొన్నారో నాకు తెలీదు.

పసుపు_గోడ
కిట్టు, నీ జ్ఞాపకం మంచిదే. కాన్ అంటే నాకూ గౌరవమే. నేను చెప్పేది క్లబ్ గురించి.

ఇసార్ అన్నా, మాట్లాడితే చరిత్ర అంటరు. 1963ల పేదోళ్ళం అంటరు. 1972ల ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం మీకు దొరికింది, 80 వేల మంది టికెట్ డబ్బు ఒక్కసారిగ వచ్చింది, అక్కడి నుంచి మీ కథే మారింది. 1999ల కిర్ఖ్ టీవీ కంపెనీతో రహస్య ఒప్పందం చేసుకుని, మిగతా క్లబ్బులకి తెల్వకుండ కోట్లు తీసుకున్నది మీరే. హోనెస్ పన్నులు ఎగ్గొట్టి 2014ల జైలుకి పోయిండు. ఇవన్నీ దాచిపెట్టి పాత ఫోటోలు చూపిస్తరు. 1932 అంటరు, యూదు అధ్యక్షుడు అంటరు, అదంత జెర్సీలు అమ్ముకునే చరిత్ర.

ఇసార్_ఒడ్డు
ఇప్పటిదాకా ఎంత వాదించినా నవ్వుకున్నాను. ఈ మాట మాత్రం ఊరుకోను.

ఆయన పేరు కుర్ట్ ల్యాండౌవర్. 1932లో ఫ్రాంక్‌ఫర్ట్ మీద 2-0తో బయర్న్ మొదటి టైటిల్ గెలిచినప్పుడు అధ్యక్షుడు ఆయన. కోచ్ రిచర్డ్ డాంబీ, ఆయనా యూదుడే. ఏడాది తిరక్కుండా హిట్లర్ వచ్చాడు, 1933 మార్చిలో ల్యాండౌవర్ పదవి వదలాల్సి వచ్చింది. 1938 నవంబర్‌లో పట్టుకెళ్ళి డాకౌ అనే నాజీ నిర్బంధ క్యాంపులో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడాడు కాబట్టి 33 రోజులకి వదిలారు. స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు. తోబుట్టువుల్లో చాలామందిని నాజీలు చంపేశారు. అయినా 1947లో ఆ మనిషి అదే మ్యూనిక్‌కి తిరిగొచ్చి, అదే క్లబ్‌కి మళ్ళీ అధ్యక్షుడయ్యాడు. ఎందుకొచ్చాడు? మనమైతే వస్తామా?

డాకౌ మా ఇంటి నుంచి లోకల్ ట్రైన్‌లో అరగంట కూడా లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు మా పెద్దాడికి పదేళ్ళు. ఆ ఖాళీ మైదానంలో కంకర మీద నడుస్తూ, నాన్నా మన టీమ్ ప్రెసిడెంట్ ఇక్కడే ఉన్నారా అని అడిగాడు. ఉన్నారు అన్నాను. ఆ తర్వాత వాడు స్టేషన్ దాకా మాట్లాడలేదు. ఇది జెర్సీలు అమ్ముకునే చరిత్రా తమ్ముడూ?

ఇంకొకటి, మా తప్పు కూడా నేనే చెప్తాను. యుద్ధం తర్వాత చాలా దశాబ్దాలు క్లబ్ ఆఫీసు ఈ కథని పట్టించుకోలేదు. దాన్ని మళ్ళీ బయటికి తీసుకురావడంలో ముందున్నది గోల్ వెనక నిలబడే అభిమానులు, షికెరియా కుర్రాళ్ళు. వాళ్ళకి 2014లో వివక్షకి ఎదురు నిలిచేవాళ్ళకి జర్మన్ ఫుట్‌బాల్ సంఘం ఇచ్చే యూలియుస్ హిర్ష్ బహుమతి కూడా ఇచ్చారు. అమ్మకానికి పెట్టినవాళ్ళు కాదు వాళ్ళు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త నెమ్మది. వాదన క్లబ్బుల గురించి ఉండనివ్వండి.

స్వాతి_కొలోన్
నేను కొలోన్‌లో చదువుకుంటున్నా, మా టీమ్ పై లీగ్‌కీ కింద లీగ్‌కీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి మీ ఇద్దరి గొడవా నాకు దూరమే. ఒకటి అడగనా అన్నయ్యా? గోట్జే, హుమ్మెల్స్ ఇద్దరూ మళ్ళీ డార్ట్‌మండ్‌కే వచ్చారు కదా, మీకు కోపం వాళ్ళ మీద కాదనిపిస్తోంది. అసలు సమస్య ప్లేయర్లు కాదు, ఛాంపియన్స్ లీగ్ డబ్బు. గెలిచినవాళ్ళు దాంట్లో ఆడతారు, ఆడితే డబ్బొస్తుంది, ఆ డబ్బుతో మళ్ళీ గెలుస్తారు. ప్రతి ఏడూ ఆడేవాళ్ళకీ ఎప్పుడో ఒకసారి ఆడేవాళ్ళకీ మధ్య దూరం పెరుగుతూనే ఉంటుంది. దానికి బయర్న్ ఒక్కటే కారణమా?

పసుపు_గోడ
స్వాతి అడిగింది కాబట్టి చెప్త. ఇది ఎప్పుడూ రాయలే.

2023 మే 27. ఆఖరి మ్యాచ్. మాకు 70 పాయింట్లు, బయర్న్‌కి 68. ఇంట్ల మైంజ్‌తో ఆట. గెలిస్తే ఛాంపియన్లం. ఊరంత పసుపు. మా అపార్ట్‌మెంట్ కింద ఉండే 80 ఏండ్ల పెద్దాయన, గనిల పనిచేసినోడు, పొద్దున్నే కిటికీకి జెండా కట్టిండు. టికెట్ దొరకక ఆయనింట్లనే చూసిన. అరగంట కూడ గాకముందే 0-2. మా హాలేర్ పెనాల్టీ పోగొట్టిండు. తర్వాత ఒక గోల్ కొట్టినం, 1-2. 81వ నిమిషంల కొలోన్‌ల బయర్న్ మీద గోల్ పడ్డది, 1-1. అంటే మేం ఓడిపోతున్నా మేమే ఛాంపియన్లం. ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నడు. ఎనిమిది నిమిషాలు. 89ల బయర్న్ ముసియాలా కొట్టిండు. మేం ఆఖరికి 2-2 చేసినం, ఇద్దరికీ 71, గోల్స్ తేడాతో పోయింది. ఆయన ఏం మాట్లాడలే, టీవీ బంద్ చేసి జెండా విప్పి మడత పెట్టిండు. ఆ తర్వాతి సంక్రాంతి నాటికి ఆయన లేడు.

నాకు లెవండోస్కీ ఫ్రీగ పోయిండా డబ్బుకి పోయిండా అన్నది కాదు బాధ. అసొంటి మనిషికి ఇంకోసారి చూసే ఛాన్స్ ఉండాలె గద. మీకు వచ్చే ఏడు ఉంటది, ఎప్పుడూ ఉంటది. మాకు ఉండదు.

గుంటూరు_గోలీ
ఆ 2-2 గోల్ కొట్టింది జ్యూలే, బయర్న్ నుంచి ఫ్రీగా వచ్చినవాడే.

ఇసార్_ఒడ్డు
గోలీ, ఇప్పుడు అది వద్దు.

తమ్ముడూ, ఆ పెద్దాయన గురించి మొదటే చెప్పి ఉంటే నేను ఇన్ని మాటలు అనేవాణ్ణి కాదు. అయినా నా అభిప్రాయం మారలేదు. మేం గెలవడం తప్పు కాదు. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ బార్సిలోనాలో 90వ నిమిషం దాకా ముందుండి చివర్లో కలిపిన నిమిషాల్లో రెండు గోల్స్‌తో మాంచెస్టర్ యునైటెడ్‌కి వదులుకున్నాం, 2012 ఫైనల్ మా సొంత స్టేడియంలోనే పెనాల్టీల్లో చెల్సీకి. వచ్చే ఏడు ఉంటుందని మాకూ ఎవరూ మాటివ్వలేదు. కానీ టీవీ డబ్బు ఇంకొంచెం సమానంగా పంచితే మాత్రం నేను అడ్డు చెప్పను, సభ్యుడిగా ఓటు కూడా వేస్తాను. ఇది ముందు ఎప్పుడూ అనలేదు నేను.

రహీంసాబ్_గల్లీ
మీ ఇద్దరికీ ఓటు ఉంది చూడండి, అది మాకు లేదు. మా తాత హైదరాబాద్ సిటీ పోలీస్ ఆట చూసినోడు. రహీం సాబ్ కోచింగ్‌లో 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. ఆ పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? ఈ మధ్య మన ఊరి పేరు పెట్టుకుని 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కొట్టిన క్లబ్ కూడా ఢిల్లీకి పోయింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. జర్మనీలో 50+1 రూల్, అంటే సగం కంటే ఎక్కువ ఓట్లు సభ్యుల క్లబ్‌కే ఉండాలనే రూల్, ఉంది కాబట్టి బయర్న్ ఐనా డార్ట్‌మండ్ ఐనా సభ్యుల చేతిలోంచి పోదు. బయర్న్ కంపెనీలో అడిడాస్, ఆడి, అలియాంజ్ మూడూ కలిపినా 25 శాతమే, మిగతా 75 సభ్యుల క్లబ్‌దే. ఎవరు ఎక్కువ గెలిచారో మీరు కొట్లాడుకోండి, మాకైతే కొట్లాడడానికి క్లబ్బే మిగల్లేదు.

వైజాగ్_వింగర్
నేను అడిగింది ఒకటి, ఇక్కడ తేలింది ఇంకొకటి. మా రూమ్‌లో ఇదంతా చదివి వినిపిస్తా.

పసుపు_గోడ
ఇసార్ అన్నా, ల్యాండౌవర్ గురించి నేనన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్న. మీ బాబుకి కూడ చెప్పండి. గోట్జే విషయం మాత్రం తీసుకోను. సెమీఫైనల్ ముందు రోజు, అన్నా. ఒక్క రోజు ఆగలేకపోయిండ్రా?